హోస్ట్‌నేమ్, ఐపీ చిరునామా తనిఖీకి రెగెక్స్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న (మధురవాడ, విశాఖపట్నం)
మా వెబ్ అప్లికేషన్‌లో సర్వర్ పేరు (హోస్ట్‌నేమ్) గానీ ఐపీ చిరునామా గానీ నమోదు చేసే గడి ఒకటి ఉంది. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలుంటే చాలనుకుని నేను రాసిన రెగెక్స్ (అక్షరాల నమూనాను పోల్చి చూసే సూత్రం), నిన్న ఋషికొండలోని మా ఆఫీసులో పరీక్షిస్తుండగా చెల్లని ఐపీ అయిన 999.10.10.1ను కిమ్మనకుండా అంగీకరించి, అంకెతో మొదలయ్యే సరైన సర్వర్ పేరును మాత్రం తిప్పికొట్టింది. దీన్ని ఎలా సరిదిద్దాలో దయచేసి చెప్పగలరు.

జవాబు (గాజువాక)
పేరు అంకెతో మొదలుకాకూడదన్న నియమాన్ని 1989లోనే ఆర్‌ఎఫ్‌సీ 1123 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం సడలించిందండి. చుక్కల మధ్య ఒక్కొక్క భాగం 63 అక్షరాలకు, మొత్తం పేరు 253కు మించకూడదు. హైఫన్ ఉండవచ్చు గానీ ఏ భాగానికీ మొదట్లో, చివర్లో రాకూడదు.

జవాబు (సీతమ్మధార)
ఐపీ విషయంలో రెగెక్స్ జోలికే వెళ్లవద్దు. 010.0.0.1లోని మొదటి భాగాన్ని కొన్ని ప్రోగ్రామింగ్ లైబ్రరీలు పదిగా, కొన్ని అష్టాంశ పద్ధతిలో ఎనిమిదిగా చదువుతాయి కాబట్టి, పైథాన్ భాష తన ఐపీఅడ్రస్ మాడ్యూల్‌లో 3.9.5 వెర్షన్ నుంచి ఇలాంటి ముందు సున్నాలను తిరస్కరిస్తోంది. ఐపీ చిరునామాల కొత్త రూపమైన ఐపీవీ6ను కూడా ఆ మాడ్యూలే చూసుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు
ఐపీ కాదని తేలాక హోస్ట్‌నేమ్‌గా పరీక్షిస్తే 999.10.10.1 మళ్లీ నెగ్గుతోంది!

జవాబు (గాజువాక)
చివరి భాగం పూర్తిగా అంకెలే అయితే తిరస్కరించండి. మీ సర్వర్ ఆ చిరునామాకు తానే కనెక్ట్ అయ్యేటట్లయితే, పేరు ఏ ఐపీగా తేలిందో చూసి 127.0.0.1, 169.254.169.254 వంటి అంతర్గత చిరునామాలను కూడా అడ్డుకోవాలి.