పొట్ట ‘విప్పి’నా, ‘విచ్చి’నా?

పటాలపని: రెండ్రోజులుగా ఒక వేమన పద్యపాదం నోట్లో నానుతోంది. మ్యాప్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక కంపెనీ కరపత్రం తెలుగు చేస్తున్నాను. పేజీకి నాలుగుసార్లు ‘ఓపెన్’. కోడ్ ఇవ్వరు, డేటా దాచే ఫార్మాట్ వివరాలు చెప్పరు. మేడిపండు గుర్తొచ్చింది. రెండో పాదం ‘పొట్ట విప్పి’నా, ‘పొట్ట విచ్చి’నా? ఈ ‘ఓపెన్’కి ఏ మాట వాడను?

పద్యపిచ్చి: ‘విచ్చి’ అండీ. ‘విప్పి’ తర్వాతివాళ్ల దిద్దుబాటని నా అనుమానం.

నిఘంటువు: విచ్చడం పువ్వు పని. మేడిపండు తనంతట విచ్చదు, మనమే విప్పాలి.

పద్యపిచ్చి: మరి ‘కనువిచ్చి చూడు’ అనమా?

నిఘంటువు: అంటాం. కలిగేది మాత్రం కనువిప్పే, కనువిచ్చు కాదు!

గణయతి: ఛందస్సు తేల్చదు లెండి. రెండూ గలమే (గురువు, లఘువు), యతి ‘పొ–పు’ మీద ఉంది.

పటాలపని: తేడా నాకు పనికొచ్చేలా ఉంది. షేప్‌ఫైల్ అనే మ్యాప్ డేటా ఫార్మాట్ ఎలా ఉంటుందో, దాన్ని తయారుచేసిన ఎస్రీ కంపెనీయే 1998లో రాసి బయటపెట్టింది. అది విచ్చడం. వాళ్లదే ఇంకో ఫార్మాట్ ఫైల్ జియోడేటాబేస్. దాన్ని చదవడానికి 2011లో ఒక కోడ్ లైబ్రరీ ఇచ్చారు గానీ లోపలి అమరిక చెప్పలేదు. మ్యాప్ ఫార్మాట్లు చదివే ఉచిత సాఫ్ట్‌వేర్ జీడాల్ వాళ్లే బైటు బైటూ తరచి చూసి, 2014లో దాన్ని చదివే సొంత డ్రైవర్ తెచ్చారు. అది విప్పడం. నా కరపత్రం కంపెనీ ‘ఓపెన్ ఎగుమతి’ షేప్‌ఫైల్ ఒక్కటే. అందులో కాలమ్ పేరుకి 10 బైట్లే చోటు, యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్‌లో తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు. ‘సరిహద్దు’ అని పెట్టిన కాలమ్ ‘సరి’ అయి బయటికొచ్చింది.

గణయతి: సరిపోయింది!

పద్యపిచ్చి: విచ్చింది ముడుచుకోనూవచ్చు. వెబ్‌పేజీల్లో మ్యాపులు చూపే మ్యాప్‌బాక్స్ జీఎల్ జేఎస్ కోడ్, ఎవరైనా వాడుకోనిచ్చే బీఎస్‌డీ లైసెన్సుతో ఉండేది, 2020 డిసెంబరులో రెండో వెర్షన్‌తో మూసేశారు. పాత కోడ్ పట్టుకుని మ్యాప్‌లిబ్రే అనే ఓపెన్ ప్రాజెక్టు మొదలైంది. కాబట్టి ‘విచ్చి’నే.

నిఘంటువు: పాఠనిర్ణయం లైసెన్సులు చూసి చేస్తారా అండీ? అసలు మాట మూడో పాదంలో ఉంది, ‘పిరికివాని మదిని బింకమీలాగురా’. ఇలాంటి కంపెనీలు చెప్పే ఓపెన్ ఏపీఐ, అంటే బయటి ప్రోగ్రాములు వాళ్ల సాఫ్ట్‌వేర్‌ని పిలిచే దారి, ఉంది చూడండి, తలుపు వాళ్లది, తాళమూ వాళ్లదే, మనకిచ్చేది కాలింగ్ బెల్. దాన్ని ఓపెన్ అని చెప్పుకోవడమే బింకం. వేమన ఒక్క మాటకి వంద కరపత్రాలు చాలవు.

పటాలపని: కరపత్రంలో ‘బింకపు వేదిక’ అని రాస్తే డబ్బులివ్వరు సార్. ‘బహిరంగ’ అంటే అబద్ధమవుతుంది. ప్రస్తుతానికి ‘ఓపెన్’ అనే ఉంచాను. రేపు పొద్దునకి ఇచ్చేయాలి.

గణయతి: అది అలా ఉంచండి. మొదటి పాదంలో ‘మేలిమై’ అంటే మేలిమి అయి అనా, మేలి ‘మై’, అంటే చక్కటి ఒళ్లు అనా?

పద్యపిచ్చి: ఒళ్లే! ఆ తర్వాత ‘పొట్ట’ వస్తోంది కదండీ.

నిఘంటువు: రాత్రికి వచ్చి చెప్తాను, ఆగండి.