మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు తిప్పతీగ మాత్రలు వేసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారికి రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్, షుగర్‌కి రోజూ గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. ఈమధ్య పక్కింటావిడ చెప్పారని తిప్పతీగ మాత్రలు తెప్పించుకున్నారు. కీళ్ల నొప్పులకీ, షుగర్‌కీ, ఇమ్యూనిటీకీ అన్నింటికీ మంచిదేనట! ఇన్ని రోగాలకి ఒకటే మందు అంటేనే నాకు అనుమానం.

ఆయుర్వేదంలో గుడూచి అని జ్వరాలకి ఎప్పటినుంచో వాడుతున్నారు, కాదనను. కానీ రుమటాయిడ్‌లో ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేస్తుంది కదా, దాన్ని ఇంకా రెచ్చగొడితే ఎలా? పైగా కోవిడ్ రోజుల్లో ఇది వాడిన కొందరికి లివర్ దెబ్బతిందని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. దాన్నిపోలిన వేరే తీగ వాడి ఉంటారని ఆయుష్ శాఖ అప్పట్లో అంది. సరే, అదే నిజమనుకున్నా, పొడి చేసి క్యాప్సూల్‌లో పెట్టాక లోపల ఏ తీగ ఉందో మనకెలా తెలుస్తుంది? మెథోట్రెక్సేట్‌కి ఎలాగూ లివర్ టెస్టులు చేయిస్తూనే ఉండాలి. తిప్పతీగ కూడా షుగర్ తగ్గిస్తుందంటారు, గ్లిమెపిరైడ్‌తో కలిస్తే మరీ పడిపోతుందేమోనని ఇంకో టెన్షన్.

డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం. అప్పటిదాకా ఆపమంటే "ఆకులే కదమ్మా, ఏమవుతుంది" అంటున్నారు. ఈ రెండు మందులతో కలిపి ఎవరైనా వాడారా? లివర్ టెస్టుల్లో తేడా కనిపించిందా? ఇక్కడ ఆయుర్వేద వైద్యులో, రుమటాలజిస్టులో ఉంటే దయచేసి చెప్పండి.