అమ్మమ్మ నాటకాల రోజుల్లో పుట్టిన బిడ్డ: పాత జనన రిజిస్టర్లలో ఎలా వెతకాలి?

చీరాల మనవరాలు

మా అమ్మమ్మ కాంట్రాక్టు నాటకాల్లో, అంటే కాంట్రాక్టరు నటుల్ని కుదిర్చి ఆడించే నాటకాల్లో, చంద్రమతి వేషం వేసేది. పెళ్లయ్యాక మళ్లీ ముఖానికి రంగు పూసుకోలేదు. పోవడానికి వారం ముందు మా అమ్మ చెయ్యి పట్టుకుని, "నీకంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టాడే. స్వభాను మాఘం, పున్నమి దగ్గర్లో. ఏలూరు క్యాంపు. నేనున్న ఇంటివాళ్లకి పిల్లల్లేరు, వాళ్ల చేతుల్లో పెట్టేశాను" అంది. ఇంకేమీ చెప్పలేదు.

అప్పట్నుంచి మా అమ్మకు సరిగ్గా నిద్ర లేదు. "అన్నయ్య ఉన్నాడో లేడో" అంటుంది. చూడని మనిషిని అప్పుడే అన్నయ్య అనేస్తోంది.

అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఒక కరపత్రం దొరికింది. దాని మీద ఆమె నాటకాల పేరుంది, తేదీ ఉన్నచోట చిరిగిపోయింది. ఆ పేరుతోనే జనన రికార్డు కోసం అర్జీ పెట్టాను. "నమోదు లేదు" అని కాగితం వచ్చింది. ఇక ఎక్కడ వెతకాలి? ఆస్తి గొడవేమీ లేదు, అమ్మ కోసమే అడుగుతున్నాను.

పాత గుమాస్తా

అమ్మా, నాటకాల పేరుతో దొరకదు. రిజిస్టర్‌లో ఆమె ఇంటిపేరు, అసలు పేరు ఉంటాయి. బిడ్డ పేరు అసలే ఉండకపోవచ్చు, చాలా ఎంట్రీల్లో "మగ శిశువు" అని రాసి వదిలేసేవారు. అందుకని పేరు పక్కన పెట్టి తేదీతో వెతకాలి.

స్వభాను మాఘం అంటే 1944 జనవరి 26 నుంచి ఫిబ్రవరి 24 దాకా. పున్నమి ఫిబ్రవరి 9 ప్రాంతంలో వచ్చింది. ఆలస్యంగా చెప్పేవాళ్లూ ఉంటారు, మార్చి పేజీలు కూడా తిప్పించండి. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రిజిస్టర్‌లో వెతికించుకుని నకలు తీసుకోవచ్చు. అర్జీలో పేరుకు బదులు "ఫలానా తేదీల మధ్య పుట్టిన మగశిశువులు" అని రాయండి.

తండ్రి పేరు దగ్గర ఖాళీ ఉన్న ఎంట్రీ కనిపిస్తే వదలకండి. సమాచారం ఇచ్చినవారి పేరు ముఖ్యంగా చూడండి. మీకు దారి చూపించేది అదే.

హార్మోనియం ఇంటివాడు

మా నాన్న నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన చెప్పేది ఒకటి చెబుతాను. క్యాంపు ఏలూరు అంటే పురుడు ఏలూరులోనే అని అనుకోకండి. కడుపు కనపడ్డాక ఆ మనిషిని కాంట్రాక్టరు ఊళ్లో ఉంచేవాడు కాదట, చుట్టుపక్కల పల్లెలో ఎవరింట్లోనో ఉంచేవాళ్లు. పల్లె అయితే అది మున్సిపాలిటీ రిజిస్టర్‌లోకి ఎక్కదు, గ్రామ లెక్కల్లో ఉంటుంది.

పాత గుమాస్తా

నిజం. 1984లో ఊరి లెక్కలు చూసే కరణం, మునసబు పదవులు రద్దయ్యాక ఆ లెక్కలు రెవెన్యూ ఆఫీసులకు చేరాయి. ఎమ్మార్వో (ఇప్పుడు తహసీల్దారు) ఆఫీసులో అడగండి. కొన్ని పుస్తకాలు చెదలు తినేశాయి, ఆ మాట ముందే చెబుతున్నా.

గోదారి ఒడ్డు

ఒక్క మాట. ఆయన బతికుంటే ఎనభై దాటి ఉంటాయి. పెంచినవాళ్లే కన్నవాళ్లనుకుని బతికి ఉండొచ్చు. ఇల్లు తెలిసినా తిన్నగా గుమ్మం ఎక్కకండి. పెద్దమనిషి ఎవరిచేతనైనా ముందు కబురు పెట్టండి.

చీరాల మనవరాలు

నాలుగు నెలలు పట్టింది. మీ అందరికీ దణ్ణం.

హార్మోనియం ఇంటివారు చెప్పినట్టే పల్లె లెక్కల్లో దొరికింది. ఊరి పేరు ఇక్కడ రాయను. 1944 ఫిబ్రవరి 7. మగ శిశువు. తల్లి దగ్గర మా అమ్మమ్మ అసలు పేరు, ఇంటిపేరుతో సహా. తండ్రి దగ్గర చిన్న గీత. సమాచారం ఇచ్చినవారి దగ్గర ఒకావిడ పేరు, వేలిముద్ర, పక్కన "ఇంటి యజమానురాలు" అని.

ఆవిడ ఇంటిపేరు వాళ్లు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నారు. గోదారి ఒడ్డు గారు చెప్పినట్టు ఊరి పెద్దాయనతో కబురు పెట్టాం, జవాబు కోసం చూస్తున్నాం.

నకలు తెచ్చి ఇస్తే అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. తర్వాత అమ్మమ్మ ట్రంకు పెట్టె తెరిచి, ఆ కరపత్రం మడతలో పెట్టింది.