అమ్మానాన్నలతో న్యూజిలాండ్‌లో క్యాంపర్‌వ్యాన్: పది రోజులు సరిపోతాయా?

అందరికీ నమస్తే. ఆక్లాండ్ వచ్చి మూడు నెలలైంది. మే నెలాఖరులో హైదరాబాద్ నుంచి అమ్మానాన్న వస్తున్నారు. మేమిద్దరం, నాలుగేళ్ల పాప, వాళ్లిద్దరూ, మొత్తం అయిదుగురం. ఆరు బెర్తుల వ్యాన్ తీసుకుని పది రోజుల్లో క్వీన్స్‌టౌన్ దాకా వెళ్లి మళ్లీ ఆక్లాండ్ తిరిగి రావాలని ప్లాన్. ఏం చూసుకోవాలి?

—

తమ్ముడూ, ముందు ఆ "మళ్లీ తిరిగి రావాలి" అన్నది తీసెయ్. ఒక వైపే దాదాపు పదిహేను వందల కిలోమీటర్లు, మధ్యలో వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కి ఫెర్రీలో మూడున్నర గంటలు. ఇది ఇన్నోవా మాట్లాడుకుని రాత్రికి రాత్రి తిరుపతి వెళ్లొచ్చే వ్యవహారం కాదు. క్రైస్ట్‌చర్చ్‌కి ఫ్లైట్‌లో వెళ్లి అక్కడే వ్యాన్ తీసుకో, సౌత్ ఐలాండ్ మాత్రం తిరిగి అక్కడే ఇచ్చెయ్. రోజుకి రెండు వందల కిలోమీటర్లు దాటితే పెద్దవాళ్లకి నడుములు పోతాయి. మ్యాప్ చూపించే టైమ్ కార్లకి, ఈ బండికి కాదు. బండి బరువు 3,500 కిలోలు దాటితే నీ స్పీడ్ లిమిట్ 90 మాత్రమే.

ఇంకోటి, హైదరాబాద్‌లో నలభై డిగ్రీల ఎండ నుంచి వచ్చేవాళ్లకి ఇక్కడ మే నెలాఖరంటే చలికాలం మొదలని ఎవరైనా చెప్పారా? హీటర్ ఉన్న బండే తీసుకో, అది ప్లగ్ పెట్టకపోయినా పనిచేస్తుందో లేదో అడిగి మరీ తీసుకో. మంచు మీద జారకుండా టైర్లకి వేసే గొలుసులు కూడా అడుగు.

అసలు సంగతి కరెంటు, నీళ్లు. హాలిడే పార్కుల్లో, అంటే వ్యాన్లు ఆపుకుని ఉండే క్యాంపుల్లో, పవర్డ్ సైట్ అని కరెంటు ఉన్న చోటు ఇస్తారు, అక్కడ వైరు తగిలించుకుంటేనే 230 వోల్టులు వస్తాయి. లేకపోతే బ్యాటరీ మీద లైట్లు, ఫ్రిజ్, నీళ్ల పంపు, అంతే. మిక్సీ మర్చిపో. మేము మొదటిసారి వెళ్లినప్పుడు టెకపోలో పవర్డ్ సైటే కదా అని హీటరు, రైస్ కుక్కరు, కెటిల్ మూడూ ఒకేసారి వేస్తే స్విచ్ ట్రిప్ అయి కరెంటు పోయింది, అన్నం సగం ఉడికి ఆగింది. సరే చారైనా పెడదామని మా అత్తగారు గ్యాస్ స్టవ్ మీద ఎండుమిర్చి, ఇంగువ పోపు వేశారు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి కదా, స్మోక్ అలారం మొదలెట్టింది చూడు, పిల్లలు ఏడుపు, మామగారు తువ్వాలు పట్టుకుని సీలింగ్‌కి విసరడం, పక్క వ్యాన్ ఆయన వచ్చి తలుపు కొట్టడం. అప్పట్నుంచి పోపు హాలిడే పార్క్ కిచెన్‌లోనే. స్నానాలు కూడా అక్కడే చేయించు, అయిదుగురు బండిలో చేస్తే ట్యాంకు ఒక్క పూటకి కూడా చాలదు.

టాయ్‌లెట్ డబ్బా డంప్ స్టేషన్‌లో ఖాళీ చేయాలి. ఎవరు చేస్తారో బయల్దేరకముందే తేల్చుకో. మా ఇంట్లో చీట్లు వేస్తాం, ఎందుకో ప్రతిసారీ నాకే వస్తుంది.

రోడ్డు పక్కన ఊరికే ఆపి పడుకుందామంటే కుదరదు. ఫ్రీగా ఆపుకోవచ్చన్న చోట్ల కూడా చాలావరకు బండికి పచ్చ వారెంట్ కార్డు ఉండాలి, అంటే లోపల బిగించిన టాయ్‌లెట్ ఉండాలి. క్యాంపర్‌మేట్ యాప్‌లో ఎక్కడ ఆపొచ్చో, డంప్ స్టేషన్ ఎక్కడో కనిపిస్తాయి.

ఇన్సూరెన్స్ కాగితం పూర్తిగా చదువు. నేను చదవలేదు. షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో బండి పైభాగం కమ్మీకి గీసుకుంది, పైకప్పు డ్యామేజీ కవర్ కాదట, మొత్తం నా జేబులోంచే పోయింది. బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించుకో.

—

అన్న చెప్పినవన్నీ నిజమే, నేను రెండు మూడు కలుపుతాను. బెర్తులు ఆరంటే ఆరుగురు పడుకోవచ్చని. సీట్ బెల్టులు ఎన్ని ఉన్నాయో, పాప సీటు ఏ సీట్లో బిగించొచ్చో విడిగా అడగండి. ఏడేళ్లు నిండేదాకా చైల్డ్ సీట్ తప్పనిసరి. నాన్నగారు నడుపుతానంటే ఇండియా లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంటే నడపొచ్చు, కానీ డ్రైవర్‌గా ఆయన పేరు రాయించండి. ఎలాగూ మనలాగే ఎడమ వైపే కాబట్టి ఇబ్బంది పడరు. ఒక్క బండే పట్టే వంతెనలు మాత్రం ముందే చూపించండి, బోర్డు మీద చిన్న ఎర్ర బాణం మీరు వెళ్లే దిశని చూపిస్తుంటే ఆగాల్సింది మీరే. డీజిల్ బండైతే కిలోమీటర్ల లెక్కన రోడ్ యూజర్ చార్జీ కూడా వేస్తారు, బిల్లు చూసి కంగారు పడకండి. గట్టి సూట్‌కేసులు వద్దు, పెట్టడానికి చోటుండదు, మడిచి పెట్టే బ్యాగులు తెమ్మనండి. ఆర్థర్స్ పాస్ దగ్గర కియా అని పచ్చ చిలుకలు ఉంటాయి, పాప మురిసిపోతుంది గానీ అవి కిటికీ రబ్బర్లు పీకేస్తాయి, తిండి పెట్టనివ్వకండి.

—

థాంక్స్ అన్నా, అక్కా. క్రైస్ట్‌చర్చ్ నుంచే చేస్తున్నాం, బుకింగ్ మార్చేశాను. ఒక్క టెన్షన్. అమ్మ ఇప్పటికే ఆవకాయ కలిపేసిందట, నాలుగు కిలోలు. కంది పొడి, సున్నుండలు కూడా.

—

తెమ్మను, కానీ ఒక్కటి కూడా దాచకుండా అరైవల్ డిక్లరేషన్‌లో తిండి ఉందని చెప్పమను. చెప్పాక అధికారి తీసేసుకున్నా ఫైన్ పడదు, చెప్పకపోతే అక్కడికక్కడే 400 డాలర్లు. ప్రతి డబ్బా మీద ఏముందో ఇంగ్లిష్‌లో చీటీ అంటించి, అన్నీ ఒకే బ్యాగులో పైన పెట్టించు, వెతుక్కోనక్కర్లేకుండా. ఆవకాయ మాత్రం చెక్-ఇన్ లగేజీలోనే, చేతి బ్యాగులో పెడితే శంషాబాద్‌లోనే ఆపేస్తారు.