స్లోన్ సర్వే డేటాతో విసనకర్ర పటం: రెడ్‌షిఫ్ట్ 0.1 దాటాక గెలాక్సీలు ఎందుకు పలచబడుతున్నాయి?

రాత్రిబడి (ప్రశ్న)

స్లోన్ డిజిటల్ స్కై సర్వే సైట్ నుంచి స్పెక్‌ఆబ్జ్ టేబుల్ (స్పెక్ట్రమ్ తీసిన వస్తువుల జాబితా) దించుకుని ఒక పటం గీశాను. డెక్లినేషన్ (ఆకాశపు అక్షాంశం) −1.25 నుంచి +1.25 డిగ్రీలు, రైట్ అసెన్షన్ (ఆకాశపు రేఖాంశం) 130 నుంచి 230 డిగ్రీలు. కోణం రైట్ అసెన్షన్, కేంద్రం నుంచి దూరం రెడ్‌షిఫ్ట్ (వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే అంకె, పెరిగేకొద్దీ దూరం ఎక్కువ). 0.08 దగ్గర అడ్డంగా ఒక పెద్ద గోడ కనిపిస్తోంది, అది నిజమైనదేనా? 0.1 దాటాక చుక్కలు పలచబడి, 0.5 దగ్గర మళ్ళీ గుంపుగా వస్తున్నాయి. కొన్ని గుంపులేమో మన వైపు గురిపెట్టిన పుల్లల్లా సాగిపోయాయి. ఒకచోట పటం మొదటి నుంచి చివరిదాకా సన్నటి ఖాళీ పట్టీ కూడా ఉంది. వీటిలో విశ్వానివి ఏవి, సర్వేవి ఏవి?

గోళరేఖ

గోడ నిజమైనదేనండి. అది స్లోన్ మహా కుడ్యం, 2003లో గాట్ బృందం ప్రకటించింది, పొడవు సుమారు 137 కోట్ల కాంతి సంవత్సరాలు. కాకపోతే మీ పటంలో చుక్కలు సహజంగానే ఎక్కువగా పడే దూరం కూడా అదే. అందుకే గోడ ఉన్నదానికంటే దట్టంగా కనిపిస్తుంది.

పలచబడటం పూర్తిగా సర్వే వల్లే. ప్రధాన గెలాక్సీ శాంపిల్‌కు ముఖ్యమైన షరతు ఇది: మన పాలపుంత ధూళి మింగిన వెలుగును సరిచేశాక ఆర్ బ్యాండ్‌లో (ఎర్ర వెలుగులో) పెట్రోషియన్ పద్ధతిలో కొలిచిన మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 17.77 కంటే కాంతివంతంగా ఉండాలి. దూరం పెరిగేకొద్దీ ఆ గీత దాటగలిగేవి భారీ గెలాక్సీలే. 0.5 దగ్గరి గుంపు అసలు వేరే సర్వేది. బాస్ ప్రాజెక్టు భారీ ఎర్ర గెలాక్సీలను రంగు చూసి ఏరింది. అవి 0.43 నుంచి 0.7 మధ్య ఎక్కువ. స్పెక్‌ఆబ్జ్‌లో రెండూ కలిసే ఉంటాయి.

చేయాల్సింది ఇది. క్లాస్ గెలాక్సీ, జెడ్‌వార్నింగ్ (రెడ్‌షిఫ్ట్ మీద అనుమానం ఉంటే పడే గుర్తు) సున్నా అని పెట్టండి. లెగసీ టార్గెట్ కాలమ్‌లో 64 విలువ బిట్ ఉన్నవే తీసుకోండి, అప్పుడు ప్రధాన శాంపిల్ ఒక్కటే మిగులుతుంది. స్పెక్‌ఆబ్జ్ఆల్ జోలికి పోకండి, అందులో ఒకే గెలాక్సీ రెండు మూడు సార్లు వస్తుంది. తర్వాత ఒక నిరపేక్ష మాగ్నిట్యూడ్ (గెలాక్సీ అసలు వెలుగు) ఎంచుకోండి. −20 అయితే 17.77 నుంచి 37.77 దూర మాపకం (రెండు మాగ్నిట్యూడ్ల తేడా) వస్తుంది, అంటే సుమారు 358 మెగాపార్సెక్‌లు (ఒక్కోటి దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాలు). హబుల్ స్థిరాంకం (విశ్వవ్యాకోచపు రేటు) 70 అనుకుంటే రెడ్‌షిఫ్ట్ 0.08 దాకానే వెళ్ళగలరు. −21 అయితే 0.12 దాకా. కె కరెక్షన్ (రెడ్‌షిఫ్ట్ వల్ల బ్యాండ్‌లో వచ్చే తేడా సవరణ) వేస్తే ఇవి కొంచెం మారతాయి. ఆ దూరం లోపల, ఆ వెలుగుకు పైనున్న గెలాక్సీలనే గీస్తే సాంద్రతలో కనిపించే తేడాలు చాలావరకు నిజమైనవి. గోడను ఇలా చూడాలంటే −20 సరిపోదు, అంచు సరిగ్గా గోడ మీదే పడుతుంది. −21 వాడండి.

మఖ_పుబ్బ

పుల్లల సంగతి. రెడ్‌షిఫ్ట్‌లో విశ్వవ్యాకోచం ఒక్కటే ఉండదు, గెలాక్సీ సొంత వేగం కూడా కలుస్తుంది. కోమా లాంటి పెద్ద క్లస్టర్‌లో (గెలాక్సీల గుంపులో) గెలాక్సీలు ఒకదానికొకటి సెకనుకు 1,000 కిలోమీటర్ల తేడాతో తిరుగుతుంటాయి. దాన్ని దూరంగా మారిస్తే 14 మెగాపార్సెక్‌లు. క్లస్టర్ అసలు వ్యాసార్థం రెండు మూడు మెగాపార్సెక్‌లే కాబట్టి చూపు దిశలో సాగిపోతుంది. క్లస్టర్ బయట, ఇంకా పెద్ద దూరాల్లో దీనికి తిరగబడ్డ ప్రభావం ఉంది: పదార్థం గుంపు వైపు పడుతుండటంతో చూపు దిశలో ఆకారం అణిగిపోతుంది. 1987లో ఖగోళ శాస్త్రవేత్త కైజర్ దీన్ని లెక్కగట్టాడు. నిర్మాణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో కొలవడానికి ఇవాళ వాడేది ఆ అణుగుడునే.

ఖాళీ పట్టీ మాత్రం శూన్యం (విశ్వంలో గెలాక్సీలు దాదాపు లేని చోటు) కాదు. అసలైన శూన్యానికి ముందూ వెనకా గోడలుంటాయి. ఒకే కోణంలో మన దగ్గర్నుంచి చివరిదాకా ఖాళీగా ఉంటే అక్కడ ప్లేట్ (కింద చెప్పే, వెలుగు సేకరించే రంధ్రాల పళ్ళెం) పడలేదనో, ఆ ఫోటోల నాణ్యత చాలక పక్కన పెట్టారనో అర్థం. సర్వే మాస్క్ ఫైలు (ఆకాశంలో ఏ భాగం చూశారో, ఏది వదిలేశారో చెప్పే ఫైలు) తీసి సరిచూడండి.

ప్లేట్లతో ఇంకో చిక్కుంది. న్యూ మెక్సికోలోని అపాచీ పాయింట్‌లో 2.5 మీటర్ల టెలిస్కోప్ కింద అల్యూమినియం ప్లేటు, దానికి 640 రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి ఒక ఫైబర్, అంటే వెలుగును స్పెక్ట్రోగ్రాఫ్‌కు చేర్చే సన్నటి గాజు తీగ. పగటిపూట సిబ్బంది చేత్తో గుచ్చేవాళ్ళు. ఏ ఫైబర్ ఏ రంధ్రంలో పడిందో తర్వాత వెలుగు పంపి గుర్తించేవాళ్ళు. మొత్తంలో 592 వస్తువులకు, మిగతావి ఖాళీ ఆకాశానికీ ప్రామాణిక నక్షత్రాలకూ. ఫైబర్ తొడుగు మందం వల్ల 55 ఆర్క్‌సెకన్లలోపు ఉన్న రెండు గెలాక్సీలకు ఒకే ప్లేటులో ఫైబర్లు పెట్టలేరు. రెండు ప్లేట్లు అతివ్యాపించిన చోట రెండోది దొరుకుతుంది, లేకపోతే లేదు. అలా దాదాపు 6 శాతం లక్ష్యాలు పోయాయి, అవీ సరిగ్గా గుంపులు దట్టంగా ఉన్నచోటే. 0.1 రెడ్‌షిఫ్ట్‌లో 55 ఆర్క్‌సెకన్లంటే సుమారు 100 కిలోపార్సెక్‌లు. గోడ చూడటానికి ఇది అడ్డు కాదు, జంట గెలాక్సీలు లెక్కపెట్టబోతే మాత్రం ఫలితం తప్పుతుంది.

రాత్రిబడి

చాలా థాంక్స్ అండి. ఇద్దరు చెప్పినట్టూ మళ్ళీ గీస్తాను. మన ఐయూకా (పుణేలోని ఖగోళ పరిశోధన సంస్థ) వాళ్ళు చెప్పిన సరస్వతి సూపర్ క్లస్టర్ కూడా ఈ డేటాలోనే ఉందా? స్లోన్ తర్వాత వచ్చిన డెసీ సర్వేలో ఈ 55 ఆర్క్‌సెకన్ల గొడవ పోయిందా?

గోళరేఖ

సరస్వతి ఉంది, మీరు గీసిన ముక్కలో లేదు. 2017లో ప్రకటించినది, మీన రాశి వైపు, స్ట్రైప్ 82లో (ఖగోళ మధ్యరేఖ వెంట స్లోన్ చూసిన పట్టీలో), రెడ్‌షిఫ్ట్ 0.28 దగ్గర. ఆ దూరానికి ప్రధాన శాంపిల్ ఎండిపోతుంది. ఎర్ర గెలాక్సీలను కూడా కలుపుకుని రైట్ అసెన్షన్ సున్నాకు అటూ ఇటూ చూడండి.

మఖ_పుబ్బ

డెసీలో గొడవ రూపం మార్చుకుంది. కిట్ పీక్‌లోని 4 మీటర్ల మేయాల్ టెలిస్కోప్ మీద 5,000 చిన్న రోబోలు, ఒక్కోటి ఒక ఫైబర్‌ను లక్ష్యం మీదకు జరుపుతుంది. పక్కపక్క రోబోల మధ్య దూరం 10.4 మిల్లీమీటర్లు, ఒక్కోటి తన చుట్టూ 6 మిల్లీమీటర్ల లోపే తిరగగలదు. ఆ వలయంలో లక్ష్యాలు మూడుంటే ఆ విడతకు ఒకటే దక్కుతుంది, పైగా పక్క రోబోను ఢీకొట్టకుండా దారి చూడాలి. అందుకే ఒకే చోటుకు చాలా విడతలు వస్తారు. కదలకుండా మొరాయించిన రోబోలు ఖాళీ ఆకాశం మీద ఉంటే వాటిని ఆకాశపు వెలుగు కొలవడానికే వాడేస్తారు.

దూరపు గెలాక్సీల్లో అసలు తలనొప్పి వేరే. అక్కడ రెడ్‌షిఫ్ట్ తేల్చేది అయనీకృత ఆక్సిజన్ జంట రేఖ, 3,726, 3,729 ఆంగ్‌స్ట్రామ్‌లు. స్పెక్ట్రోగ్రాఫ్ 9,800 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకానే చూస్తుంది కాబట్టి రెడ్‌షిఫ్ట్ 1.6 దాటితే రేఖ జారిపోతుంది. 7,000 దాటిన దగ్గర్నుంచీ మన వాతావరణంలోని హైడ్రాక్సిల్ రేఖలు నిండి ఉంటాయి, సరిగా తీసేయకపోతే మిగిలిన ముక్కే గెలాక్సీ రేఖలా కనిపిస్తుంది. రెండు శిఖరాలూ విడివిడిగా తేలితే నమ్మొచ్చు. ఒక్కటే ఉంటే ఆ రెడ్‌షిఫ్ట్‌ను అనుమానించండి, ముఖ్యంగా అదే విలువ చుట్టూ సంబంధం లేని గెలాక్సీలు ఒకే గీతలో పేరుకుంటే.