అద్దెకు దిగింది 2024లో, కరెంటు బిల్లులో సర్దుబాటు చార్జీ 2022 యూనిట్లకు. కట్టాల్సింది ఎవరు?

పైవాటా:
2024 జూన్‌లో ఈ ఇంట్లో అద్దెకు దిగాం. డిసెంబరు బిల్లు చూసేసరికి తల తిరిగింది. మేం కాల్చింది 118 యూనిట్లే. కింద మాత్రం 2022లో ఈ మీటరు మీద తిరిగిన యూనిట్లకు ఇంధన సర్దుబాటు అని విడిగా ఒక వరస. అప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లు వేరే, ఏసీ వాడేవాళ్లట. ఆఫీసుకు వెళ్లి అడిగితే "బాకీ మీటరుది, మనిషిది కాదు" అని పంపేశారు. వాళ్లు వాడుకున్నదానికి నేనెందుకు కట్టాలి?

సరోజ:
మాకూ అంతే. ఓనరును అడిగితే ఇష్టం లేకపోతే ఖాళీ చేయమన్నాడు.

లెడ్జరు:
ముప్పై ఏళ్లు పంపిణీ సంస్థలో లెక్కలు చూసి రిటైరయ్యాను. ముందు ఒక మాట. దీన్ని అందరూ రేటు పెంపు అంటున్నారు, ఇది పెంపు కాదు. ఏపీలో ఇళ్ల రేట్ల పట్టిక 2022 ఏప్రిల్‌లో మారింది, తర్వాత అదే నడుస్తోంది. ఆ ఏడాది బొగ్గు కొరత వచ్చింది. మార్చిలో సంస్థలు కరెంటు కొనుక్కునే ఎక్స్ఛేంజీలో యూనిట్ 20 రూపాయలు తాకితే, ఏప్రిల్ నుంచి 12కు మించకూడదని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆంక్ష పెట్టింది. అలాంటి ధరలకు కొనైనా కరెంటు ఇచ్చారు. 2022-23లో అదనంగా అయిన ఖర్చు కింద 6,072 కోట్ల వసూలుకు రాష్ట్ర కమిషన్ ఒప్పుకుంది. వాడిన కరెంటుకు ఎవరో ఒకరు కట్టాలి కదా.

పైవాటా:
అదే నేనూ అడుగుతున్నా. వాడినవాళ్లు కట్టాలి. నేను వాడలేదు.

లెడ్జరు:
సర్వీసు నంబరు ఓనరు పేరు మీద ఉంటుంది. సంస్థకు తెలిసింది ఆ నంబరే. అద్దెకు ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో సంస్థ ఎలా రాసిపెట్టుకుంటుంది? అది మీరూ ఓనరూ తేల్చుకోవాల్సింది. పెంపు అనే మాట మాత్రం వాడకండి. పెంపు అంటే రాబోయే రేటు, సర్దుబాటు అంటే అయిపోయిన ఖర్చు.

ట్యూబులైటు:
రైతులకు ఉచితం ఎత్తేస్తే ఈ గొడవే ఉండదు.

మెట్టపొలం:
ఉచితం మొదలైంది 2004 మే 14న. ఆ డబ్బు ప్రభుత్వం సబ్సిడీగా ఇవ్వాలి, అదీ ముందే ఇవ్వాలని 2003 చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. మీ బిల్లులో కనిపించేది బొగ్గు, కొనుగోలు ఖర్చు. మా మోటారును దానికి ముడిపెట్టకండి. పోయిన ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మేమే దించి, మా ట్రాక్టరులో వేసుకుని, మా డీజిల్‌తో షెడ్డుకు తీసుకెళ్లాం. పదకొండు రోజులు తిరిగాను. అరెకరం మిరప ఎండిపోయింది. ఉచితం అన్న మాట వింటే కడుపు మండుతుంది తమ్ముడూ.

పాతబస్తీ పెద్దాయన:
2000 ఆగస్టు 28న చార్జీల మీద జరిగిన ఊరేగింపులో నేనూ ఉన్నాను. బషీర్‌బాగ్ దగ్గర కాల్పుల్లో ముగ్గురు పోయారు. అప్పుడు రేటు పెంచుతున్నామని ముందు చెప్పారు కాబట్టి రోడ్డెక్కగలిగాం. ఇప్పుడు ఏ రోజున రోడ్డెక్కాలి? 2022 డిసెంబరులో కేంద్రం నియమాలు మార్చి, ఈ ఖర్చు నెలనెలా దానంతట అదే బిల్లులోకి వచ్చేలా చేసింది. ఏపీలో యూనిట్‌కు 40 పైసల దాకా అలా వేస్తున్నారు. మిగిలింది ఏడాది తర్వాత కమిషన్ ముందుకు వెళ్తుంది.

లెడ్జరు:
బహిరంగ విచారణ పెడతారు, పత్రికల్లో ప్రకటన వేస్తారు. ఎంతమంది వచ్చారు? నేను వెళ్లిన రోజు సగం కుర్చీలు ఖాళీ. నెలకు రెండొందలు ఎక్కువైతే ఇక్కడ ఇంత రాస్తారు, అక్కడికి ఒక్కరూ రారు.

పైవాటా:
రెండొందలు మీకు చిన్నవేమో. మా ఆవిడ మిషను కుడుతుంది. జాకెట్టుకు ఎంతో కుట్టకముందే చెబుతుంది. రెండేళ్ల తర్వాత దారం ధర పెరిగిందని ఇంటికెళ్లి అడగదు. దారం పెరిగితే ఆ నష్టం తనే భరిస్తుంది, కాబట్టి చూసి కొంటుంది. సంస్థ ఎంతకు కొన్నా మా దగ్గర వసూలు చేసుకోవచ్చంటే, చూసి కొనాల్సిన అవసరం దానికేముంది?

లెడ్జరు:
మీ ఆవిడ ఇవాళ కుట్టనని చెప్పగలదు. సంస్థ ఇవాళ కరెంటు ఇవ్వనని చెప్పగలదా? ఆ వేసవిలో చెబితే ఇలాగే తిట్టేవాళ్లు. నష్టం సంస్థే భరించాలంటే ఆ సంస్థ ప్రభుత్వానిది, ఆ డబ్బు మన పన్నే. ఏ జేబులోంచి తీసినా జేబు మనదే.

పైవాటా:
కాదండీ, ఒకే జేబు కాదు. మీ పట్టికే చూడండి. మొదటి 30 యూనిట్లకు రేటు 1.90. దాని మీద 40 పైసలంటే 21 శాతం. 400 దాటినవాళ్లకు 9.75. వాళ్లకూ అదే 40 పైసలు, 4 శాతం. స్లాబులు పెట్టింది లేనివాడి మీద బరువు తక్కువ పడాలనే. సర్దుబాటు ఆ స్లాబులను చూడదు. బొగ్గు ధర పెరిగితే ఆ దెబ్బ ప్రభుత్వం తీసుకోవాలన్నది నా మాట. పన్నులోనైనా ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకునే వీలుంటుంది.

లెడ్జరు:
ఇప్పుడు అసలు మాట చెప్పారు. మీ గొడవ పాత అద్దెవాళ్లతో కాదు. నేను ఒప్పుకోలేను. ప్రభుత్వం ఇస్తానన్న సబ్సిడీ రాక, జీతాలకు అప్పు తెచ్చిన నెలలు నా చేత్తో లెడ్జరులో రాశాను. బిల్లులో పడితేనే డబ్బు వస్తుంది. 21 శాతం లెక్క మాత్రం నేనెప్పుడూ అలా వేసి చూడలేదు. స్లాబును బట్టి సర్దుబాటు వేయమని అడిగితే అందులో న్యాయం ఉంది.

మెట్టపొలం:
అయితే అది విచారణలో చెప్పండి సార్. లోపల పనిచేసినవాళ్లు చెబితే వింటారు.

లెడ్జరు:
రాసిస్తాను. పైవాటా గారూ, మీ డిసెంబరు బిల్లు ఫోటో పంపండి.

పైవాటా:
వేడి కాగితం మీద కొట్టిన బిల్లు, అప్పుడే రంగు పోతోంది. యూనిట్లు కనిపిస్తున్నాయి, సర్దుబాటు వరస సగం చెరిగింది. రేపు ఎండలో పెట్టి తీసి పంపుతాను.