కబుతోముషి పిల్ల పురుగులు మట్టి పైకి వచ్చేస్తున్నాయి, ఏం చేయాలి?

సైతామా అమ్మ:
నమస్కారమండీ. మేముండేది జపాన్‌లో, సైతామాలో. మా వాడికి 7 ఏళ్లు. జూలైలో పక్కింటి తాతగారు వాడికి కబుతోముషి జంటనిచ్చారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, మన కొబ్బరి తోటల్లో కొమ్ము పురుగు ఉంటుందే, దానికి వేలువిడిచిన చుట్టం. మగదానికి నెత్తిన కొస చీలిన పెద్ద కొమ్ము. ఇక్కడి పిల్లలకి అదంటే ప్రాణం. ఆగస్టు చివరికి రెండూ పోయాయి, పెద్దయ్యాక వాటి ఆయుష్షు ఒక్క వేసవేనట. డబ్బా కడిగేద్దామని పేపరు మీద బోర్లిస్తే అందులో 11 పిల్ల పురుగులు! మా వాడి మొహం చూశాక పారేయడానికి చేతులు రాలేదు.

ఇప్పుడవి నా బొటనవేలంత అయ్యాయి. డబ్బా నిండా మినప గింజల్లాంటి రెట్ట పేరుకుంటే, శనివారం 10 లీటర్ల కొత్త సంచి కొన్నాను. మట్టి అంటున్నా గానీ అది పులియబెట్టిన రంపపు పొట్టు, ఇక్కడ మాట్ అంటారు. పాతదంతా చెత్తలో పడేసి, సంచి కోసి నేరుగా నింపేశాను. నీళ్లు కూడా ధారాళంగానే పోశాను. సోమవారం రాత్రికి 6 పైకొచ్చి పడుకున్నాయి. లోపలికి తోస్తే తెల్లారేసరికి మళ్లీ పైనే. వాడికి టెన్షన్, వాణ్ణి చూసి నాకూ. అమలాపురంలో మా నాన్నకి ఫోన్ చేస్తే, "వాటిని చంపడానికి నేను జన్మంతా చువ్వ పట్టుకు తిరిగాను, నువ్వు నన్ను వైద్యం అడుగుతున్నావా?" అన్నారు.

నగోయా బావ:
అక్కా, పురుగులకేం కాలేదు, జబ్బు మట్టికి. ఒకసారి చెయ్యి అడుగుదాకా దూర్చి చూడండి. గోరువెచ్చగా ఉండి, ఘాటుగా పులిసిన వాసన వస్తోందా? వస్తే పొట్టు డబ్బాలో మళ్లీ పులుస్తున్నట్టు. వేడి పుడుతుంది, గాలి చాలదు. ఊపిరాడక పైకొస్తున్నాయి. మీరు తోసిన కొద్దీ వాటిని అదే పొయ్యిలోకి తోస్తున్నారన్నమాట. ఊళ్లో పచ్చి పేడ చేలో వేయరు కదా, ఇదీ అంతే.

పొట్టంతా న్యూస్‌పేపర్ మీద నీడలో పరిచి, రోజూ తిరగేయండి. వాసన పోయి, ముట్టుకుంటే చల్లగా తగిలేదాకా. నాకైతే ఒకసారి 3 రోజుల్లో అయిపోయింది, ఇంకోసారి వారం పట్టింది. అప్పటిదాకా పురుగుల్ని మందు కలవని ఆకు ఎరువులో ఉంచండి. తడి సంగతికొస్తే, గుప్పెట్లో పట్టి పిసికితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. కారితే ఎక్కువైనట్టే. ఈసారి మార్చేటప్పుడు పాత పొట్టు మూడో వంతు ఉంచుకుని కొత్తదాంట్లో కలపండి. అది మొత్తం పారేయడమే మీరు చేసిన అసలు పొరపాటు. పురుగుని చేత్తో పట్టుకోకండి, మన ఒంటి వేడి వాటికి పడదు. అన్నం గరిటె చాలు.

చలికాలం బాల్కనీలోనే ఉండనివ్వండి, హీటర్ ఉన్న గదిలో పెట్టొద్దు. తిండి తగ్గిస్తాయి, కంగారు పడకండి. పొట్టు ఎండిపోకుండా చూసుకుంటే చాలు. ఏప్రిల్‌కల్లా ఆఖరిసారి మార్చేసి, అడుగున గట్టిగా అదిమి 15 సెంటీమీటర్ల లోతైనా ఉంచండి. నిలువుగా గది కట్టుకుని అందులో ప్యూపా అవుతాయి, అంటే రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ. మే నుంచి డబ్బా కదిపారో, అయిపోయారు. మొదటి ఏడాది నేను ఆత్రం ఆపుకోలేక జూన్‌లో చెంచాతో తవ్వాను. గది కూలింది. బయటికొచ్చిన దానికి రెక్కలు నలిగిన అప్పడంలా ఉన్నాయి, 4 రోజులు కూడా బతకలేదు. ఒకవేళ గది కూలినా టాయిలెట్ పేపర్ గొట్టం నిలబెట్టి, అందులో తల పైకుండేలా దించితే గట్టెక్కుతాయని తర్వాత తెలిసింది.

పెంటకుప్ప రాజు:
అమ్మా, మీ నాన్నగారి బాధ నాకు తెలుసు. మాదీ కోనసీమే. ఆ పెద్ద పురుగు మొవ్వు తొలిచిందంటే, ఆకు విచ్చుకున్నాక విసనకర్రని కత్తెరేసినట్టుంటుంది. దీని పిల్లలు పెరిగేది మా పెంటకుప్పలోనే, నాలుగైదు నెలలు హాయిగా తింటాయి. మేం కుప్పలో మెటారైజియం అనే శిలీంధ్రం కలుపుతాం. అది పట్టిన పురుగు గట్టిపడి, పైన పచ్చటి బూజు కడుతుంది. మీ డబ్బాలో అలా పచ్చగా మారింది కనిపిస్తే వెంటనే తీసేయండి, పక్కవాటికీ అంటుకుంటుంది.

ఇంకోటి. నేల మీద పెడితే వెల్లకిలా తిరిగి వీపు మీద పాకుతోందా? అలాగైతే అది కొమ్ము జాతి కాదు, పూల మీద వాలే పెంకు పురుగు పిల్ల. మా కుప్పలో రెండూ కలిసే ఉంటాయి. మీవి ఏవైనా సరే, సెలవులకొచ్చేటప్పుడు సూట్‌కేసులో మాత్రం పెట్టుకురాకండి, దండం పెడతాను.

హైదరాబాదీ:
రాత్రి అన్నం తింటూ ఈ చర్చ తెరిచాను. తప్పు నాదే.

సైతామా అమ్మ:
నగోయా బావగారూ, మీరన్నట్టే జరిగింది. అడుగున చెయ్యి పెడితే అప్పుడే దించిన పాలగిన్నెలా ఉంది. 5 రోజులు స్నానాల గదిలో పరిచాను, ఆ 5 రోజులూ మా ఆయన నాతో మాట్లాడలేదు. నిన్న చల్లబడ్డ పొట్టు నింపి పైన వదిలితే, తల ముందు దూర్చి, తోక ఆడించుకుంటూ ఒక్కొక్కటే లోపలికి దిగిపోయాయి. వెల్లకిలా పాకేది ఒక్కటీ లేదు రాజుగారూ, అన్నీ పక్కకి ఒరిగి కొడవలిలా ముడుచుకునేవే. సూట్‌కేసు సంగతి మా వాడికీ చెప్పాను, అలిగాడు.

11లో ఒకటి మాత్రం దిగలేదు. ఒంటి మీద నల్ల మచ్చ ఉంది, బూజు లేదు. దాన్ని వేరే పెరుగు డబ్బాలో పెట్టాను. మా వాడు దానికి తాతయ్య పేరు పెట్టాడు. ఆ కబురు అమలాపురం ఇంకా చేరలేదు.